వేగంగా, తలెత్తుకుని

"ఆపండి! ఇది చావు కథ సార్, పెళ్ళి ఊరేగింపు కాదు!" సెల్విన్ చేతిలో ఉన్న కాగితాలను బల్లమీదికి విసిరాడు.

పదిమంది వాయిద్యాలు దించారు. పదకొండోవాడు ఆరోగ్యస్వామి మాత్రం తన ఇత్తడి బూర కార్నెట్‌ను దించకుండా, మిగిలిపోయిన నాలుగు స్వరాలూ ఊది మరీ ఆపాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. కేజీఎఫ్‌లో బంగారు గనులు నడిచినన్నాళ్ళూ కార్మికుల బ్యాండుకు ఆయనే మాస్టరు. గనులు మూతపడ్డాక ఆ బ్యాండు వేదిక ఎక్కబోవడం ఇదే మొదటిసారి.

రేపు సాయంత్రమే నాటకం. మూసేసిన గనుల గురించి బెంగళూరు నుంచి వచ్చిన సెల్విన్ రాసి, ఆడిస్తున్నాడు. తెర లేచేముందు ఆరు నిమిషాల సంగీతం బ్యాండు వంతు.

"శోకం పలికే మైనర్ స్కేల్‌లోకి మార్చండి," అన్నాడు సెల్విన్. "నిమిషానికి అరవై దెబ్బలు చాలు. మీరు నూట ఇరవైలో పరిగెడుతున్నారు. చూసేవాళ్ళకు కళ్ళు చెమర్చాలి కదా!"

"ఈ పాట పుట్టిందే బి ఫ్లాట్ మేజర్లో అప్పా. కార్నెట్‌కు ఊపిరి ఆడేదీ దాంట్లోనే. ఇంగ వేగమంటావా, రెండు గంటల సైరన్ కూసేలోపల పోయి రావల్ల. కాళ్ళు ఈడిస్తే షిఫ్టు తప్పుతాది."

"ఇప్పుడు సైరనే లేదు కదండీ!"

"అది లేకుంటే పోనీ. మేముండాము గదా."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. అక్కడ మొండివాళ్ళు ఇద్దరున్నారు, రాజు మాత్రం లేడు. సెల్విన్ స్వరాల కాగితం పైన 'నెమ్మదిగా, శోకంతో' అని రాశాడు. ఆరోగ్యస్వామి అదే పెన్సిలు అడిగి పుచ్చుకుని, ఆ మాటలు కొట్టేసి, కింద తన వంకర అక్షరాలతో 'వేగంగా, తలెత్తుకుని' అని రాశాడు.

"అయితే నా లాప్‌టాప్‌లో వేరే సంగీతం ఉంది. రేపు అదే వేస్తాను. మీరంతా ఇళ్ళకు వెళ్ళొచ్చు."

మోనికాకు ఒళ్ళు మండింది. వయొలిన్ కుర్చీలో పెట్టి లేచింది. ఈ ఊరి బడిలో సంగీతం టీచరామె. అసలీ పాట బయటికి వచ్చిందే ఆమె వల్ల.

"తాత ఇంటికి మూడుసార్లు తిరిగినాను సార్ దీనికోసం. 'ఆ పాట వద్దమ్మా, ఇంగోటి వాయిస్తా' అంటాడు. నేనే కూనిరాగం తీసి గుర్తు చేస్తే అప్పుడు ఒప్పుకున్నాడు."

"ఎందుకమ్మా అంత పట్టుదల?"

"నాలుగేళ్ళప్పుడు ఈ పాట వెనక పరిగెత్తినాను. ఏదో పండగ. నాకు కొత్త గౌను, కొత్త బూట్లు. ముందర మేరీమాతను పూలు కప్పి భుజాలమీద మోసుకుని పోతా ఉండారు. దోవంతా ఎవరు చూసినా నాకు బిస్కెట్లు ఇచ్చేవాళ్ళే. నేను వెనకబడితే, 'మీ నాయన ముందర పోతా ఉండాడు, పద పద' అని ఎవరో ఎత్తుకున్నారు. ఆ ఏడే నాయన పోయినాడు. అమ్మ నన్ను ముళబాగిలుకు తీసుకుపోయింది. మళ్ళా ఈ ఊరి మాటే ఎత్తలేదు. నాయన తట్టునుంచి నాకు మిగిలిన సంతోషం ఈ పాట ఒక్కటే సార్. దీన్ని ఏడుపు చేస్తే నేను ఊరుకోను!"

ఆరోగ్యస్వామి కార్నెట్ మూతిని గుడ్డతో తుడుస్తూ తల ఎత్తలేదు. పొగిడితే ముసలాయనకు సిగ్గనుకుంది మోనికా.

మర్నాడు సాయంత్రం హాలు నిండిపోయింది. ముందు వరసలన్నీ గనిలో పనిచేసిన ముసలివాళ్ళే. తెర వెనక సెల్విన్ లాప్‌టాప్ ముందు కూర్చుని బల్లకింద తడుముకుంటున్నాడు.

"స్పీకర్ వైరు ఏది?"

"నా సంచీలో ఉండాది సార్," అంది మోనికా. "మా పాట అయినాక ఇస్తాను."

అతను నోరు తెరిచేలోగా ఆమె వేదిక మీదికి వెళ్ళిపోయింది. ఆరోగ్యస్వామి కాలితో నాలుగు దెబ్బలు వేశాడు. పెద్ద డ్రమ్ము మోగింది. బ్యాండు నూట ఇరవైలో లేచింది.

రెండో చరణం మొదలవగానే, ముందు వరసలోని ముసలి కార్మికుడు ఓబలప్ప లేచాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, బరువు మోస్తున్నట్టు కుడిచెయ్యి తన భుజం మీద వేసుకుని నిలబడ్డాడు. అతన్ని చూసి పక్కవాడు, ఆ వెనక వరస, చివరికి హాలంతా. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, ఒక్కరూ ఏడవలేదు. నిలబడ్డచోటే వాళ్ళ కాళ్ళు పాటతోపాటు అడుగులు వేస్తున్నాయి. మోనికా గుండె పొంగిపోయింది. పాట ముగిశాక లోపలికి వచ్చి, వైరు సెల్విన్ చేతిలో పెట్టింది.

"చూసినారా సార్? హాలంతా లేచి నిలబడింది!"

సెల్విన్ వైరు తీసుకుని స్పీకరుకు తగిలించాడు.

నాటకం అయ్యాక తెర వెనక ఆరోగ్యస్వామి ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మోనికా వెళ్ళి పక్కన కూర్చుంది.

"తాతా, గెలిచినాము!"

"గెలిచినాము తల్లీ. కింద గనిలో పాతాళానికి గూడా వినబడింటాది, మేము బెదర్లేదని."

"ఒక మాట అడగాల తాతా. నాకు నాయన ముఖం గుర్తు లేదు. ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. ఆ దినం నాయన ముందరే పోతా ఉండినాడన్నారు గదా, నువ్వూ ముందరే వాయిస్తా ఉంటివి. చూసినావా? ముఖం ఎట్లుండినాది? నవ్వుతా ఉండినాడా?"

ఆరోగ్యస్వామి కార్నెట్ పక్కన పెట్టాడు. ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"అప్పటికే పెట్టెకు మేకులు కొట్టేసినారు తల్లీ."