సర్వర్ మీద దోసెల పిండి

ఆగండాగండి, వెళ్ళిపోకండి, ఇది వినాల్సిందే! ఇప్పుడు ఇంటింటా పాత కంప్యూటరే కదా ఫైళ్ళు దాచుకునే సర్వర్. మన కాపీ ఎదురింట్లో, వాళ్ళ కాపీ మనింట్లో. మాది తాతయ్య కాలేజీ నాటి కంప్యూటర్, వంటింట్లో బియ్యం డబ్బా పక్కనుంటుంది. చలికాలం కదా, దాని మీద వెచ్చగా ఉంటుందని అమ్మ దోసెల పిండి గిన్నె పెట్టేసింది! తెల్లారేసరికి పిండి పొంగి లోపలికి కారిపోయింది, సర్వర్ చచ్చిపోయింది. చనిపోయిన అమ్మమ్మ పాడిన జోలపాట అందులోనే ఉంది. ఆవిడ గొంతు మాకింకెక్కడా లేదు!

కాపీ ఎదురింటి స్వరూప ఆంటీ దగ్గరుంది. కానీ రెండిళ్ళ మధ్య వరండాలో వడియాలు ఎవరు ఆరబెట్టుకోవాలన్న గొడవతో ఆవిడకీ అమ్మకీ మాటల్లేవు.

"నువ్వెళ్ళి అడగవే," అంది అమ్మ. వెళ్ళాను.

"మీ అమ్మకి కాళ్ళు లేవా? ఆవిడ్నే రమ్మను," అంది ఆంటీ.

అమ్మ వెళ్ళి గుమ్మంలోనే నిలబడింది. "మా కాపీ చెరిపేశావా స్వరూపా?"

"గొడవ నీతో. మీ అమ్మ పాటతో నాకేం గొడవ?" ఆంటీ డిస్క్ అమ్మ చేతిలో పెట్టేసింది. "ఐనా మా సర్వర్ నీ దానిలా వేడెక్కదు, నా పిండేమో పొంగనే పొంగట్లేదు."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పాట విన్నారు, ఇద్దరూ ఏడ్చారు. నేను ఇంకో పాత కంప్యూటర్ తెచ్చి అన్నీ ఎక్కించాను. పొద్దున్న చూద్దును కదా, దాని మీద రెండు గిన్నెలు! ఒకటి మాది, ఒకటి ఆంటీది.

మీరైతే తీసేస్తారా?