ఎన్ని అని అడగకూడదు

"మూడోసారి కూడానా? మతిగానీ పోయిందా ఏమయ్యా నీకు?" కొండ వెనక బురదలో నిలబడి అరిచింది బీరెత్.

"మెల్లగా! గాలి అటే వీస్తోంది," అన్నాడు ఆమె మొగుడు ఇస్సాత్. "కుక్కను ఉసిగొల్పు. గంట కట్టిన జింకను మళ్ళీ అటు తిప్పు. మిగతావి దాని వెనకే పోతాయి."

కొండకు అవతల సామ్మోల్ ఇల్లు. ఇంటి ముందు కాఫీ తాగుతూ సామ్మోల్. ఆయన కళ్ళ ముందు నుంచి ఇస్సాత్ రెయిన్‌డీర్ మంద ఇప్పటికి రెండుసార్లు దర్జాగా సాగిపోయింది. అదే మంద. అవే జింకలు. కొండ చుట్టూ తిరిగి మళ్ళీ వస్తున్నాయి.

ఎందుకీ తిప్పలంటే, ఉత్తరాది మంచుసీమలో జింకలు కాచుకు బతికే మా సామీ వాళ్ళలో ఒకరి మందలో ఎన్ని ఉన్నాయో ఇంకొకరు అడగకూడదు. అడిగినవాడి ఇంటికి మళ్ళీ ఎవరూ వెళ్ళరు. తనంతట తాను చెప్పుకునేవాడు వాడికంటే లోకువ. కళ్ళారా చూసి, ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవాలి.

పోయిన శీతాకాలం మంచు మీద వాన పడింది. పడ్డ వాన పడ్డట్టే గడ్డకట్టింది. కింద మేతనాచు కనిపిస్తూనే ఉంది, నోటికి అందదు. ఇస్సాత్ జింకలు గిట్టలు అరిగేదాకా తవ్వి, తవ్విన చోటే కూలబడ్డాయి. వసంతంలో పుట్టిన పిల్లల్లో లేచి నిలబడ్డవి కొన్నే. మాకు చెవి మీది కోతే యజమాని పేరు. వేసవిలో పిల్లల చెవులకు తన గుర్తు కోయడానికి కత్తి తీసిన ఇస్సాత్, కాఫీ చల్లారేలోగా దాన్ని మళ్ళీ ఒరలో పెట్టేశాడు. ఆ రోజు బీరెత్ గుడారంలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంకో శీతాకాలం ఒంటరిగా నెట్టుకొస్తే ఆ మిగిలినవీ దక్కవు. ఏదైనా పెద్ద మందలో కలిస్తేనే బతుకు. ఈ చుట్టుపక్కల పెద్ద మంద అంటే సామ్మోల్‌దే. నడుముకు వెండి బిళ్ళల పటకా. ఎప్పుడు చూసినా "ఈ జింకలతో వేగలేక చస్తున్నా" అని విసుగు. ముష్టి మందలు తన దగ్గరికి రావద్దని నలుగురిలో అననే అన్నాడు.

"ఈ దొంగ బతుకు మనకెందుకు? తీరానికి పోయి చేపలు శుభ్రం చేసుకుని బతుకుదాం," అంది బీరెత్.

"మా నాన్న ఇచ్చిన గుర్తు నాతోనే ఆగిపోవాలంటావా? తిప్పవే!"

తిప్పింది.

మూడో చుట్టు అయ్యాక ఇస్సాత్ ఏమీ ఎరగనట్టు సామ్మోల్ ఇంటికి వెళ్ళాడు. సామ్మోల్ మా అలవాటు ప్రకారం ఎండుమాంసం కోసి కాఫీలో వేసిచ్చాడు.

"ఏం తమ్ముడూ, తెరిపి లేకుండా వస్తూనే ఉన్నాయే!"

"ఏదోలే అన్నా, దేవుడి దయ."

"తెల్లజింక ఒక్కటుంటేనే అదృష్టం అంటారు. నీకు మూడున్నాయి!"

ఇస్సాత్‌కు కాఫీ పొలమారింది. మందలో ఉన్న ఒకే ఒక్క తెల్లజింక సంగతి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మరిచిపోయారు.

"ఒక్క తల్లి పిల్లలే అన్నా," అన్నాడు దగ్గుతూ.

సామ్మోల్ తలాడించాడు. నమ్మాడు, వెర్రిమాలోకం. పైగా తనే అన్నాడు: "మనలో మనకు నీదీ నాదీ ఏంటి తమ్ముడూ? నీ మందను పైలోయలోకి వదిలెయ్. నావీ అక్కడే మేస్తున్నాయి. మంచు పడగానే అన్నిటినీ నేనే దొడ్డికి తోలుకొస్తా. నలుగురి ముందూ చెరి సగం అనుకుందాం."

చెరి సగం! ఇస్సాత్ దారంతా పాడుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఇంత తెలివితక్కువవాడికి అంత మంద ఎలా వచ్చిందే?" అని పగలబడి నవ్వాడు.

బీరెత్‌కు నవ్వు రాలేదు. "పాపం, మంచివాడు. అతని ఉసురు మనకు తగులుతుంది," అంది.

ఎవరి కంటా పడకుండా రాత్రికి రాత్రే మందను పైలోయలోకి తోలేసి వచ్చాడు ఇస్సాత్. మంచు పడింది. దొడ్డి దగ్గర చుట్టుపక్కల కాపరులంతా చేరారు. అప్పటికే సామ్మోల్ అన్న ప్రకారం జింకల్ని తోలుకొచ్చి లోపల వేశాడు. అవి బెదరకుండా కంచె చుట్టూ గోనెపట్టాలు కట్టి ఉంచాడు. బయటికి గిట్టల చప్పుడు తప్ప ఏమీ తెలియదు.

ఇస్సాత్ కంచె పక్కనే అటూ ఇటూ పచార్లు చేశాడు. ఇంకాసేపట్లో తన కోత ఉన్న చెవులెన్నో ఊరంతా చూస్తుంది. సామ్మోల్ ఛీ పొమ్మంటే ఈ చలికాలం దాటేదెలా? తోడేళ్ళు పడి తినేశాయని చెప్పాలి. పొద్దుటినుంచీ ఆ ఏడుపుమొహమే సాధన చేస్తున్నాడు. అదంతా గేటు తెరిచాక. ముందు చెరి సగం అన్న మాట అయిపోతే బాగుండును!

దేవుడు కరుణించాడు. సామ్మోలే చేయి చాచాడు.

"ముందు మాట, తర్వాతే గేటు. ఏమంటావు తమ్ముడూ?"

ఇస్సాత్ ఆ చేతిని లాక్కున్నంత పని చేశాడు.

"నావీ నీవీ కలిపి చెరి సగం!" ఇద్దరూ గట్టిగా అన్నారు. అందరూ విన్నారు. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం మా వైపు లేదు.

గేటు తెరిచారు. జింకలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఇస్సాత్ కంటబడ్డ మొదటి చెవి తనదే. రెండోదీ తనదే. 'ఛీ, ముందు నావే కనబడాలా!' అని విసుక్కుని, ఏడుపుమొహం పెట్టి తోడేళ్ళ కథ ఎత్తుకోబోయాడు.

బీరెత్ అతని కోటు పట్టి లాగింది.

దొడ్డి నాలుగు మూలలా ఎంత వెతికినా, సామ్మోల్ కోత ఉన్న చెవి ఒక్కటంటే ఒక్కటి లేదు.