రెండు డబ్బాల పాత పెట్రోలు

“ముందు ట్యాంకు ఖాళీ చేయించి చూడండి బాబూ. మీకు దణ్ణం పెడతాను. ఆ తర్వాత మీ ఇష్టం.”

పొద్దుటినుంచి ఆమె ఈ మాట అనడం ఇది పదోసారి. పోలీస్ స్టేషన్‌లో అంది, జీపులో అంది, ఇప్పుడు తన ఇంటి పక్క షెడ్డులో నిలబడి అంటోంది. నిన్నటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. 

ఇన్‌స్పెక్టరుకూ ఇబ్బందిగానే ఉంది. లాకప్‌లో ఉన్నది ఆమె భర్త, తనకు డ్రైవింగ్ నేర్పిన మాస్టారు. తనకొక్కడికేమిటి, ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగంమంది ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళే. ఆరేళ్ళ కిందట చూపు మందగించాక మాస్టారు డ్రైవింగ్ స్కూలు మూసేశారు. నేర్పే కారును ఈ షెడ్డులో పెట్టి తాళం వేశారు.

మొన్న పొద్దున్నే, ఇంకా మంచు విడవకముందు, పేపర్లు వేసే మనిషిని ఒక ఆకుపచ్చ కారు మలుపులో సైకిలుతో సహా గుద్దేసి వెళ్ళిపోయింది. అతను ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంకా కళ్ళు తెరవలేదు. కారులో ఎవరున్నారో చూసినవాళ్ళు లేరు గానీ, ఊళ్ళో ఆకుపచ్చ కారు ఇదొక్కటే.

“చూపు ఆనని మనిషి సరదా పుట్టి బండి తీశారంటున్నారు అమ్మగారూ. నేనేం చేయను?”

“ఆయన స్టీరింగు ముట్టుకుని ఆరేళ్ళయింది. ఒట్టు! అదిగో, అద్దాల మీద ఎంత దుమ్ముందో చూడండి. టైర్లలో గాలే లేదు.”

“దుమ్ము చల్లొచ్చు. గాలి తీసేయొచ్చు.” ఇన్‌స్పెక్టరు వంగి బంపరు చూశాడు; నిండా నేర్చుకునేవాళ్ళు చేసిన సొట్టలే, అందులో కొత్తదేదో తేలదు. “అయినా నాకూ ఒకటి అంతుపట్టడం లేదు. ఆ కారు హారన్ కూడా కొట్టలేదట. మలుపులో హారన్ మర్చిపోతే మాస్టారు నా చెవి మెలేసేవారు.”

“మరి? హారన్ కొట్టకుండా ఆయన మలుపు తిప్పుతారా, మీరే చెప్పండి!”

ఆ మాట అనేసరికి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు. ఆ ఏడుపు చూడలేకే ఇన్‌స్పెక్టరు మెకానిక్‌కి కబురు పెట్టాడు.

మెకానిక్‌ని అందరూ ముక్కు బాబాయి అంటారు. వాసన చూసి పెట్రోలు వయసు చెప్పేస్తాడు. ఆయన వస్తున్నాడంటే పెట్రోలు బంకువాళ్ళకు కూడా హడలే.

“దుమ్ము మాట నమ్మను,” అంటూ కారు కిందికి దూరాడు ముక్కు బాబాయి. “పెట్రోలుకు మాత్రం అబద్ధమాడటం రాదు. పట్టడానికేమైనా ఉందా అమ్మా?”

ఉండకేం. షెడ్డు నిండా సామానే. మాస్టారికి దేన్నీ పారేయడానికి చేతులు రావు. అరిగిన టైర్లు, పగిలిన అద్దాలు, రంగు వెలిసిన స్కూలు బోర్డు అన్నీ అక్కడే ఉన్నాయి. గోడవారన రెండు ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కనబడితే ఇన్‌స్పెక్టరే అందించాడు.

“ఆరేళ్ళుగా విప్పని బోల్టు కదా, మొండికేస్తుందనుకున్నాను,” కారు కిందనుంచి గొంతు వినిపించింది. “మాస్టారి బండి, చెప్పినమాట వింటోంది.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక పాత టైరు మీద కూలబడింది. కొత్త పెట్రోలు వాసన కాస్త తగిలినా అంతా అయిపోయినట్టే. సాయంత్రానికి ఆయన్ని కోర్టుకు తీసుకెళతారు. చూపులేని మనిషి, జైల్లో గోడలు తడుముకుంటూ... ఆపైన ఆలోచించలేకపోయింది.

ధార పడింది. డికాషన్ రంగులో ఉంది. ముక్కు బాబాయి దోసిట్లో కాస్త పట్టి వాసన చూశాడు. మొహం చిట్లించాడు. మళ్ళీ చూశాడు. ఆ రెండోసారికి ఆమె ప్రాణం పోయి తిరిగొచ్చింది.

“వార్నీషు కంపు! కొత్తదైతే ముక్కులో సూదిలా దిగుతుంది. ఇది ఐదారేళ్ళ సరుకు. దీంతో ఈ బండి వీధి చివరిదాకా వెళ్ళిందని రుజువు చేస్తే నా ముక్కు కోసుకుంటాను.”

“కాగితం మీద రాసిస్తావా బాబాయ్?”

“సంతకమే కాదు, వేలిముద్ర కూడా వేస్తాను.”

చివరి చుక్క జారేసరికి రెండు డబ్బాలూ సరిగ్గా మెడదాకా నిండాయి.

“కొలిచి పోసినట్టు సరిపోయింది చూడండి!” ముక్కు బాబాయి సంబరపడ్డాడు. “ఎక్కడైనా పారబోసి రానా అమ్మా?”

“ఉండనివ్వండి. పారబోస్తే ఆయన ఊరుకోరు.”

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతులు జోడించాడు. “క్షమించండి అమ్మగారూ. బండ్ల సంగతులు మీకేం తెలుస్తాయనుకున్నాను. ట్యాంకు చూడమనాలని భలే తట్టింది మీకు!”

“అన్నేళ్ళు ఆయన పాఠాలు వింటూనే కదా వంట చేశాను,” అందామె కళ్ళు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి మాస్టారు ఇంటికొచ్చారు. ఇన్‌స్పెక్టరే చేయి పట్టుకుని గుమ్మందాకా దింపి వెళ్ళాడు. ఆమె తలుపు గడియ పెట్టి, భర్త గుండెల మీద పడి బావురుమంది.

“ఆ పేపరతను ఇంకా కళ్ళు తెరవలేదటండీ. అతనికేమన్నా అయితే ఎలాగండీ?”

మాస్టారు చాలాసేపు ఆమె తల నిమిరారు. తర్వాత గోడ తడుముకుంటూ షెడ్డులోకి నడిచి, రెండు డబ్బాలనూ వేళ్ళతో తట్టి చూశారు.

“మనం తీసి దాచిన పాత పెట్రోలు మళ్ళీ ట్యాంకులో పోయాలని తట్టింది సరే, మలుపులో హారన్ కొట్టమని నీకూ చెప్పే నేర్పాను కదే!”