ఏడో సంతకం

సారంగ్ చేతిలోని రిలీవింగ్ ఫారం మీద ఆరు సంతకాలున్నాయి. కావలసినవి ఏడు.

స్టోరు, క్యాంటీను, క్వార్టరు, అన్నీ వదిలించుకున్నాడు. 'చార్జి తీసుకున్నవారు' అన్న ఏడో గడి మాత్రం ఖాళీ.

వడోదరలో కొత్త ఉద్యోగం. సోమవారానికి చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఇవాళ శుక్రవారం.

కరాడ్ దగ్గరి ఆ చక్కెర ఫ్యాక్టరీలో ఒక కట్టుబాటు ఉంది. బాయిలర్ వెలిగాక చార్జి తీసుకున్నవాడు, ఆఖరి చెరకుగడ నలిగేదాకా కదలకూడదు. అంటే ఐదు నెలలు. పైగా సారంగ్‌ది రసం కాచే సెక్షను, పగలూ రాత్రీ సెగ. ఆ సరుకు ఊరికే ఇస్తానన్నా పట్టుకుపోయేవాడు లేడు.

ఇద్దరు జూనియర్లు వచ్చారు, చూశారు, మళ్ళీ కనబడలేదు.

"నీ బదులు మనిషిని చూపించు. గేటు నేనే తీస్తా," అన్నాడు చీఫ్ ఇంజనీరు.

మధ్యాహ్నం రసం కాగే తొట్ల దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్లటోపీ, మాసిన ధోవతి. చెరకు బండితో వచ్చిన రైతనుకున్నాడు సారంగ్.

"ఆ మూడో వాల్వు చేత్తో తిప్పుతున్నావేం బాళా?" అన్నాడు, కన్నబిడ్డను పిలిచినట్టు.

"నీకెందుకు కాకా? పోయి నీ బండి చూసుకో."

"పొద్దుపోవద్దూ? చెప్పు."

సారంగ్‌కు నవ్వొచ్చింది. వారమంతా జూనియర్లకు అబద్ధాలు చెప్పి అలసిపోయాడు. రైతుకు నిజం చెబితే పోయేదేముంది?

"బిగుసుకుపోతుంది. గంటకోసారి తిప్పకపోతే రసం మాడుతుంది. ఆ నాలుగో తొట్టి గేజీ పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. పుస్తకంలో మాత్రం అన్నీ బాగున్నాయని రాశా."

"ఎందుకట్లా?"

"లేకపోతే ఏ వెర్రివాడు సంతకం పెడతాడు? ఎవడికో అంటగట్టి పారిపోవాలి."

"దొరికాడా వెర్రివాడు?"

"దొరికితే నీతో కబుర్లెందుకు కాకా!"

ముసలాయన వాల్వు చక్రం మీద చెయ్యి వేశాడు. సగం చుట్టు తిప్పి, చెవి ఒగ్గి విని, పావు చుట్టు వెనక్కి తిప్పాడు.

"ముట్టుకోకు! చెయ్యి కాలితే నాకు చుట్టుకుంటుంది." సారంగ్ వాచ్‌మన్‌ను కేకేశాడు. "ఎవర్ని పడితే వాళ్ళని లోపలికి వదుల్తావా? బయటికి పంపు."

"సాబ్, ఆయన..."

"పంపమన్నానా!"

"పోతాలే బాళా. నువ్వు బట్టలు సర్దుకో," అని ముసలాయన మెట్లు దిగిపోయాడు.

శనివారం పొద్దున్నే గుమాస్తా వాఘ్మారే కవరు చేతిలో పెట్టాడు. "ఏడోది పడింది సాబ్. బస్సు వచ్చే టైము, పరుగెత్తండి!"

సారంగ్ ఎవరని కూడా అడగలేదు. పరుగెత్తాడు.

కరాడ్ దాటాక కవరు విప్పాడు. ఏడో గడిలో దత్తోబా సాళుంఖే అని సంతకం. కింద ఒక వరుస: 'మూడో వాల్వు, నాలుగో గేజీ సంగతి తెలిసే తీసుకున్నాను.'

వెంటనే వాఘ్మారేకి ఫోన్ చేశాడు.

"ఎవరయ్యా ఈ సాళుంఖే?"

"నిన్న మీరు గెంటించిన కాకా సాబ్. మీ సెక్షన్లోనే చేసి రిటైరై ఆరేళ్ళయింది. రాత్రి తనే చీఫ్ సాబ్ ఇంటికొచ్చి ఈ సీజను నాకివ్వండన్నాడట."

"ఆయనకేం పట్టింది?"

వాఘ్మారే చెప్పాడు. విని సారంగ్ ఆ ఏడో గడి మళ్ళీ చదివాడు.

దక్కింది వడోదర ఉద్యోగం. దానికి తన ఐదు నెలలు పెట్టుబడి పెట్టిన కాకా, నలభై ఏళ్ళ కిందట నాగపూర్‌లో ఉద్యోగం వచ్చినా, చార్జి తీసుకునే మనిషి దొరక్క ఆ తొట్ల దగ్గరే ఉండిపోయిన కుర్ర ఇంజనీరు.