పవరున్న మాస్కు

“ముక్కు మూసే మాస్కు ఈ పూల్లో పెట్టుకోకూడదండీ. మామూలు గాగుల్స్ అయితే పర్వాలేదు,” అన్నాడు ఓడలోని లైఫ్‌గార్డు.

“నా కళ్ళజోడు పవరంతా ఇందులోనే ఉంది బాబూ. ఇది తీస్తే నాకేమీ ఆనదు,” అన్నాడు పెద్దాయన.

“రూలండీ. ఏమీ అనుకోకండి.”

గార్డు మాస్కు తీసుకుని వెళ్ళాడు. గట్టు, గొడుగులు, మనుషులు అన్నీ అలుక్కుపోయాయి. పెద్దాయనకు కాలు నిలవలేదు. ఇందాకటి దాకా ఆయన నీళ్ళలోంచి, ఎదుటి గట్టున కూర్చున్న కూతురినే చూస్తున్నాడు. ఇప్పుడు అక్కడే ఉందో, లేచి వెళ్ళిపోయిందో తెలియదు. నీళ్ళలోంచి గట్టెక్కి, తడుముకుంటూ అటూ ఇటూ నడిచాడు. ఎవరెవరికో తగిలి సారీ చెప్పాడు.

ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించసాగారు. గార్డే మళ్ళీ వచ్చాడనుకున్నాడు.

“బాబూ, ఆ గొడుగుల కింద మా అమ్మాయి ఉందేమో కాస్త చూడు. నిన్న భోజనాల దగ్గర నలుగురిలో అల్లుణ్ణి ఓ మాట అనేశాను. అప్పటి నుంచి నా మొహం చూడటం లేదు. తప్పు నాదే. చెబుదామంటే నోరు పెగలడం లేదు. ఇటేమైనా చూస్తోందా?”

పట్టుకున్న చెయ్యి ఆయన్ని గొడుగుల వైపు తిప్పింది.

“చూస్తోంది నాన్నా. ఇక్కడ మెట్టుంది, జాగ్రత్త.”