షేబా ఒప్పుకోవాలి

పిల్లిని చూడగానే ఫిలిప్‌కు ముచ్చెమటలు పట్టాయి.

బీరువా మీద కూర్చుని ఉందది. బంగారు రంగు ఒళ్లు, ఒంటినిండా నల్లటి మచ్చలు. చిరుతపులిని చిన్నది చేసి ఇంట్లో పెట్టుకున్నట్టే ఉంది. పచ్చటి కళ్లతో ఫిలిప్‌నే చూస్తోంది.

"భయపడకు బిడ్డా. అది షేబా," అన్నాడు యేసయ్య. "బెంగాల్ జాతి పిల్లి. ఎన్నడన్న చూసినవా?"

"లేదంకుల్," అన్నాడు ఫిలిప్.

వచ్చింది పెళ్లిచూపులకు. తల్లి రాహేలును వెంటబెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాగారం నుంచి శామీర్‌పేట వచ్చాడు. సంబంధం చెప్పి, వెంట వచ్చింది పాస్టరమ్మ ప్రిస్కిల్లా. అబ్బాయికి లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, టీ తప్ప ఏ అలవాటూ లేదు. అయితే ఏం లాభం? ఈ ఇంట్లో అవేవీ చెల్లవు. యేసయ్య కూతురు ఏంజెల్‌ను చేసుకోవాలంటే షేబా ఒప్పుకోవాలి.

"పూర్వం భక్తులు గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగిండ్రు. నాకు గొర్రె లేదు, పిల్లి ఉన్నది. అది ఎవరి ఒళ్లెకు పోతే వాడే నా అల్లుడు!" అని చర్చిలో అందరి ముందూ చెప్పేశాడాయన. ఇప్పటికి మూడు సంబంధాలొచ్చాయి. మూడుసార్లూ షేబా బీరువా దిగలేదు. మూడో పెళ్లికొడుకు బ్యాంకు ఆఫీసరు. పాపం, ప్యాంటు నలిగిపోతున్నా బీరువా కింద మోకాళ్లూని "మ్యావ్ మ్యావ్" అంటూ బతిమాలాడు. షేబా తోకైనా కదపలేదు.

ఈసారి కూడా దిగకపోతే ఏంజెల్ దక్కదు. దిగితే ఏమవుతుందో తలచుకోవడానికే ఫిలిప్‌కు భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"బెంగాల్ అంటే కలకత్తలకెల్లి తెప్పిచ్చిండ్రా అన్నా?" అని అడిగింది రాహేలు.

"పేరుకే బెంగాల్ చెల్లె. అడివిపిల్లిని ఇంటిపిల్లితోని కలిపి అమెరికోళ్లు పుట్టిచ్చిన జాతి. మేడ్చల్‌ల మా కంపెనీ సారు బదిలీ అయి పోతూ నాకిచ్చిండు. దీనికి నీళ్లంటే పానం. నల్లా తిప్పితే సాలు, ఉరికొస్తది."

"నీళ్లల్ల ఆడే పిల్లా! గిదేం చోద్యమన్నా!"

"తెలివి గూడ మస్తు. గానీ కొత్తోళ్ల మొఖం చూడదు."

ఏంజెల్ టీ కప్పుల పళ్లెంతో వచ్చింది. తల ఎత్తలేదు.

షేబా లేచింది. ఒళ్లు విరుచుకుంది. ఒక్క దూకు! ఎగిరొచ్చి ఫిలిప్ ఒళ్లో పడింది.

ప్రిస్కిల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షేబా ఊరుకోలేదు. ఫిలిప్ గడ్డానికి తల రుద్దింది. భుజమెక్కి చెవి నాకింది. మళ్లీ కిందికి దిగి, చొక్కా జేబులోకి పంజా దూర్చి దేనికోసమో దేవులాడింది.

"ఉష్! పో! పో అవతలికి!" ఫిలిప్ తోసేశాడు. అది ఆట అనుకుని రెట్టింపు హుషారుగా తిరిగొచ్చింది.

"జేబుల ఏమున్నదిరా?" అంది రాహేలు.

"ఏం లేదమ్మా!"

"మావోనికి పిల్లులు అలవాటు లేవన్నా. పరేషాన్ అయితున్నడు."

"షేబా! రా ఇటు, జల్దీ!" అని పిలిచింది ఏంజెల్. పళ్లెం ఊగి టీ కాస్తా సాసర్లలోకి ఒలికింది.

షేబా ఆమెకేసి చూడనైనా లేదు. ఫిలిప్ ఒళ్లో వెల్లకిలా పడుకుని, తెల్లటి పొట్ట చూపిస్తూ గుర్రుగుర్రుమనసాగింది. ఫిలిప్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"స్తోత్రం!" ప్రిస్కిల్లా రెండు చేతులూ ఎత్తింది. "ఇది గుర్తు కాకపోతే ఇంకేంది?"

రాహేలు కళ్లొత్తుకుంది. అంతలోనే నవ్వేసింది. "కొత్తోళ్ల మొఖం చూడదంటివి గదన్నా! మావోన్ని ఇడుస్తనే లేదు!"

"నేను గూడ గదే చూస్తున్న చెల్లె," అన్నాడు యేసయ్య.

పిల్లిని చూశాడు. ఫిలిప్‌ను చూశాడు. గోడకు అతుక్కుపోయి నిలబడ్డ కూతుర్ని చూశాడు.

"ఇచ్చిన మాట తప్పేటోన్ని కాదు. మా ఏంజెల్ నీకే బిడ్డా."

ఇంక చూడాలి ఆ ఇల్లు! ప్రిస్కిల్లా పాట ఎత్తుకుంది. రాహేలు ఏంజెల్‌ను కౌగిలించుకుంది. ప్రార్థనలో పెళ్లికొడుకు, పెళ్లికూతురుతో పాటు షేబాకూ ఆశీర్వాదం దక్కింది. లడ్డూల డబ్బా ఖాళీ అయింది. ఫిలిప్‌కు సంతోషంతో ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఏంజెల్ దక్కింది, పరువూ దక్కింది. ఒక్క పిల్లి ఇంత మేలు చేస్తుందని ఎవరనుకుంటారు?

గేటు బయట ఆటో ఆగి ఉంది. ఆడవాళ్లిద్దరూ ఎక్కి కూర్చున్నారు. ఫిలిప్ ఎక్కబోతుంటే యేసయ్య అతని భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు. ఎవరూ వినడం లేదని చూసుకుని చెవి దగ్గరికి వంగాడు.

"ఇగ రేపటి సంది గేటు తీసుకొనే రా బిడ్డా, ఏడాది సంది నువ్వు వెనక గోడ దుంకుడుకు నా కరివేపాకు చెట్టు సగం విరిగింది."