హవిషకు రాని భిన్నాలు

మా ఆవిడ వకుళ నాలుగో తరగతి టీచరు. పాఠ్యప్రణాళికలు రాసే బాధ ఇప్పుడు లేదు. ఆమె వంకాయలు తరుగుతూ చెబుతుంటే గోడమీది మాట్లాడే కంప్యూటరు పలక విని సిద్ధం చేస్తుంది.

“భిన్నాలు అయిపోయాయి టీచర్‌గారూ. రేపు దశాంశాలు మొదలెడదామా?” అంది పలక.

“హవిషకి ఇంకా రాలేదే. అందరూ నవ్వుతున్నారని బడికే రానంటోంది.”

“తనకి విడిగా ఇంటికే పాఠం పంపిస్తాను. మీకు శ్రమ ఉండదు.”

“శ్రమ తీసెయ్యమన్నాను గానీ, పిల్లని తీసెయ్యమన్నానా తల్లీ?” అంది వకుళ, తరగడం ఆపి.

దేవుడు ఇన్ని సులువులు ఇచ్చింది ఒకరిని వదిలేసి పోవడానికా అనిపించింది, పూజ ముగించి వస్తున్న నాకు. ప్రసాదం పళ్లెం ఆమె ముందు పెట్టాను.

“రేపు అరటిపళ్లు తీసుకెళ్లు. హవిషని పిలిపించి, తన చేతే కోయించి, అందరికీ సమానంగా పంచమను.”

“తప్పు కోస్తేనండీ?”

“మళ్లీ కోస్తుంది.”

పలక జాబితా తెరిచింది. “అయితే ఎన్ని పళ్లు రాసుకోను టీచర్‌గారూ?”

“గెల రాసుకో,” అంది వకుళ.